విడిగా పెట్టిన ముత్యాలు

మా అక్కకు చూపు ఆనడం లేదని ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయికి ఫోన్‌లో అబద్ధం చెప్పేనాటికి నాకు అరవై ఏళ్ళు దాటాయి. చిన్నతనం కొద్దీ చెప్పాననడానికి వీలు లేదు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, అబద్ధమాడిన పిల్లల్ని గోడవైపు నిలబెట్టిన దాన్ని.

ఆ రోజు ఏలూరులో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ చేసిన అమ్మాయి మా ఊరి మ్యూజియంలో అధికారి. పాతకాలపు నగలు, విలువైన వస్తువులు ప్రదర్శనకు పెడుతున్నామని చెప్పింది. ఒక జమీందారీ ఇంటి నుంచి గుట్టపూసల హారం వచ్చిందట. గుట్టపూసలంటే ఆవగింజ కన్నా కాస్త పెద్దవైన ముత్యాలు. వాటిని చిన్న చిన్న గుత్తులుగా గుచ్చి హారం అంచు పొడుగునా వేలాడదీస్తారు. ఆ హారానికి బంగారం, కెంపులు బాగానే ఉన్నాయి కానీ దారాలు చివికిపోయి ముత్యాలన్నీ రాలిపోయాయట. మళ్ళీ గుచ్చేవాళ్ళ కోసం వెతుకుతుంటే తాడేపల్లిగూడెంలో ఒక బంగారు కొట్టాయన మా నాన్నని గుర్తు చేసుకుని, అక్క నంబరు తన దగ్గర లేదని నా నంబరు ఇచ్చాడట.

"మీ అక్కగారు గుచ్చితే గుత్తులు వాలిపోవని చెప్పారండి. ఒకసారి ఆవిడతో మాట్లాడాలండి. నంబరు ఇస్తారా?"

ఇద్దామనే నోరు తెరిచాను.

"అక్కకి చూపు ఆనట్లేదమ్మా. ఆ పని మానేసి రెండేళ్ళు దాటింది," అన్నాను.

"అయ్యో. మరి మీకు వచ్చాండి?"

ఆ ప్రశ్న వినడం కోసమే అబద్ధం ఆడానని అది విన్నాక నాకు తెలిసింది. "చిన్నప్పుడు నేర్చుకున్నానమ్మా. తర్వాత ఉద్యోగంలో పడి..." అని ఆగాను. ఆ అమ్మాయి మర్యాదగా, "పర్వాలేదు మేడమ్, ముత్యాలు విడిగానే పెడతాం. ప్రదర్శనకి తప్పకుండా రండి," అని పెట్టేసింది.

పక్కనే పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు దించి నా వైపు చూశారు. "మొన్న నువ్వు ఎక్కించలేకపోతే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది మీ అక్కే కదా?" అన్నారు. నేను చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మా నాన్న తాడేపల్లిగూడెంలో కంసాలి. కుంపటి ముందు నాన్న బంగారం పని చేస్తుంటే, వెనక గదిలో అమ్మ పూసలు గుచ్చేది. ఇత్తడి పళ్ళెంలో నల్లగుడ్డ పరిచి ముత్యాలు పోసేది. నల్లగుడ్డ మీద వాటి తేడాలు తెలుస్తాయి. అక్క, నేను చెరో పక్కన కూర్చునేవాళ్ళం. నాకంటే అక్క మూడేళ్ళు పెద్దది. ముత్యాలు ఏరడంలో నేను అక్క కన్నా చురుకు. ఏ గింజ గుండ్రన, ఏది కోల, ఏ రెండు జత, చూడగానే చెప్పేదాన్ని. పట్టుదారానికి మైనం పట్టించడం కూడా నాకే బాగా వచ్చేది. గుచ్చడం దగ్గరే వచ్చేది చిక్కు. గుత్తికీ గుత్తికీ మధ్య ఒక ముడి వెయ్యాలి. అది పైకి కనపడకూడదు, సడలకూడదు. ఎక్కువ బిగిస్తే దారం తెగుతుంది, తక్కువైతే గుత్తి వాడిపోయిన పువ్వులా వాలిపోతుంది. నావి వాలిపోయేవి.

అమ్మ తిట్టేది కాదు. తిట్టినా బాగుండేది. నేను గుచ్చిన దండ ఒక కొస పట్టుకుని పైకెత్తి ఒకసారి ఊపేది. తర్వాత కత్తెర తీసుకుని, నా దారం టక్కున కత్తిరించి, ముత్యాలు పళ్ళెంలోకి జార్చి, పళ్ళెం అక్క వైపు జరిపేది. అక్క మళ్ళీ గుచ్చేది. ఆ కత్తెర చప్పుడు వినిపించగానే నాకు చెవులు వేడెక్కేవి.

నేను చదువులోకి వెళ్ళిపోయాను. మా వీధిలో ఆడపిల్లల్లో మొదటి డిగ్రీ నాదే. ఆ రోజు నాన్న వీధంతా లడ్డూలు పంచాడు. సాయంత్రం రాజమండ్రి నుంచి ఒక షావుకారు వస్తే నాన్న ఆయన్ని కూర్చోబెట్టి, నన్ను పిలుస్తాడని నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉంటే, "మా పెద్దమ్మాయి చేతి పని చూడండి," అంటూ గుడ్డ సంచి విప్పాడు. ఆ డిగ్రీ మార్కుల కాగితం ఎక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తులేదు. ఆ షావుకారు ముత్యాల గుత్తిని వేలితో మీటి, "అబ్బ, నిలబడిందండీ," అన్న మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నా పెళ్ళికి అక్క ఒక ముత్యాల హారం గుచ్చి మెడలో వేసింది. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళు నన్ను దీవించడానికి వంగి, హారాన్ని పట్టుకుని, "ఎవరు గుచ్చారమ్మా?" అని అడిగేవారు. పీటల మీద కూర్చుని ఎన్నిసార్లు "మా అక్కండీ" అన్నానో.

అక్కని కైకలూరు ఇచ్చారు. బావ అక్కడ ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్. ఇంటి వెనకే చేపల చెరువులు, గేటు తెరిస్తే లారీలు. అక్క ఐదో తరగతితో బడి మానేసింది. భీమవరం, గూడెం, ఏలూరు కొట్ల వాళ్ళు ఇప్పటికీ ముత్యాలు పొట్లం కట్టి అక్కకే పంపుతారు. నాకు పెన్షన్ ఉంది, సొంతిల్లు ఉంది, నా పేరుతో రెండు పుస్తకాలు ఉన్నాయి. నా దగ్గర చదువుకున్న వాళ్ళు బస్టాండులో ఎదురైతే దణ్ణం పెడతారు. ఇన్ని ఉన్నా, అక్క కిటికీ పక్కన కూర్చుని తలవంచి గుచ్చుతుంటే చూడగానే నేను మళ్ళీ ఆ నల్లగుడ్డ పక్కనున్న చిన్నపిల్లనైపోతాను.

ప్రదర్శన మొదలైన వారానికి అక్క ఫోన్ చేసింది. "ఏమే, మీ ఏలూరులో పాత నగలు పెట్టారంట. పేపర్లో వేశాడు. నాకు చెప్పలేదేం? గురువారం వస్తున్నాను."

"ఎండలు బాగా ఉన్నాయి అక్కా. జనం కూడా తోసుకుంటున్నారట," అన్నాను.

"నగలు చూడ్డానికి జనం రాక ఎవరొస్తారే?" అంది.

గురువారం పొద్దున్నే డబ్బాడు సున్నుండలతో దిగింది. ఆటోలో వెళ్తున్నంతసేపూ నేను మనసులో లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ఆ అమ్మాయి నన్నెప్పుడూ చూడలేదు. ఆ హారం ఏ మూలో ఉండి ఉంటుంది. అక్కని తొందరగా తిప్పి తీసుకొచ్చేస్తే సరి.

అక్కని తొందరపెట్టడం నా వల్ల కాలేదు. ఒక్కొక్క అద్దాల బీరువా ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. జడ పొడుగునా పెట్టుకునే నాగరం, పాపిడి బిళ్ల, నడుముకు వడ్డాణం, జబ్బలకు వంకీలు. ఇంకో వైపు దొరలూ దొరసానులూ వాడిన వస్తువులు: బంగారు నస్యం డబ్బా, దంతపు పిడి విసనకర్ర, వెండి పన్నీరు బుడ్డి, ఆకులూ వక్కలూ పెట్టుకునే నగిషీ పెట్టె. నేను వాటి కింద కార్డులు చదివాను. అక్క కార్డులు చదవలేదు. "ఈ కొక్కెం తర్వాత వేసింది, రంగు తేడా చూడు," అంది వడ్డాణం దగ్గర. "ఈ రాయి పొదిగినవాడు ఎడమచేతి వాటం మనిషి," అంది వంకీ దగ్గర. మా వెనకాల వస్తున్న దంపతులు కార్డులు వదిలేసి అక్క మాటలు వినడం మొదలుపెట్టారు. ఆ భార్య అక్కతో, "మీకెలా తెలుసండీ?" అంది. పుస్తకాలు రాసే నేను పక్కనే ఉన్నానని వాళ్ళకి తెలియదు. తెలిసినా ఏం లాభం?

చివరి గదిలో, సరిగ్గా మధ్యలో ఉంది ఆ హారం.

మామిడిపిందెల వరస, పిందె పిందెకూ కెంపులు, కింద అంచున వరసగా ఖాళీ కొక్కేలు. పక్కన గాజు గిన్నెలో ముత్యాలు. దీపం వెలుతురులో అవి రేషను బియ్యంలా పడి ఉన్నాయి. అక్క మొదటిసారి కార్డు చదివింది, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. గుట్టపూసల గుత్తులు ఉండేవనీ, గుచ్చేవారు ప్రస్తుతం అందుబాటులో లేనందున ముత్యాలను విడిగా ఉంచామనీ దాని సారాంశం.

"అందుబాటులో లేరా?" అంది అక్క. "ఎవరు లేరే? నేను కైకలూరులో ఉన్నాను కదా?"

"పెద్ద పెద్ద రూల్సుంటాయి అక్కా. పద, భోజనం టైమైంది."

అక్క కదల్లేదు. మూల కుర్చీలో ఉన్న గార్డు దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, దీనికి సంబంధించిన వాళ్ళెవరండీ?" అని అడిగింది. గార్డు లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని తీసుకొచ్చాడు. కళ్ళజోడు, కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు. నేను అక్క వెనక్కి జరిగాను.

"అమ్మాయిగారూ, ఇవి నేను గుచ్చుతానండి," అంది అక్క. "గూడెంలో మా నాన్నగారిది బంగారం పని. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను."

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది, వెంటనే అయోమయంలో పడింది. "మీరేనాండీ? మీ గురించి మేం వాకబు చేశామండి. మీకు చూపు ఆనట్లేదని, పని మానేశారని మీ చెల్లెలుగారే చెప్పారండి ఫోన్‌లో."

అక్క నా వైపు తిరగలేదు. ఆ గిన్నెలోని ముత్యాలనే చూస్తూ ఉండిపోయింది. నేను నేలమీది గళ్ళు చూస్తున్నాను. అక్కడ ఒక రాయి కొత్తగా మార్చారు.

"అవునండీ," అంది అక్క. "మధ్యలో కొంచెం ఇబ్బంది పడ్డాను. మందు వేసుకున్నాను, ఇప్పుడు బాగానే ఉందండి. సూది ఇవ్వండి, ఇక్కడే ఎక్కించి చూపిస్తాను."

నన్ను కాపాడింది. కృతజ్ఞత కలగాలి కదా? నాకు కలగలేదు. ఈ మంచితనం కూడా దీనికే దొరికిందా అనిపించింది. ఆ ఆలోచనకి నాకే సిగ్గేసింది, అయినా అది ఉన్నమాటే.

ఆ అమ్మాయి అక్కని ఆఫీసులో కూర్చోబెట్టి, పైవాళ్ళకి ఫోన్లు చేసి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. సోమవారం నుంచి అక్కడే, ప్రదర్శన గదిలోనే, అందరూ చూస్తుండగా గుచ్చాలని ఒప్పందం.

ఇద్దరం బస్టాండుకి వచ్చాం. కైకలూరు బస్సు వచ్చింది, అక్క ఎక్కింది. నేను కింద నిలబడ్డాను. డ్రైవరు స్టార్ట్ చేశాక నేనూ ఎక్కి అక్క పక్కన కూర్చున్నాను. ఎందుకెక్కానో తెలియదు.

ఊరు దాటి, పొలాలు దాటి, కొల్లేరు మొదలయ్యేదాకా అక్క కిటికీలోంచే చూసింది. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళూ గుర్రపుడెక్కా వచ్చాక నోరు విప్పింది.

"చచ్చిపోయిందని చెప్పినా బాగుండేది."

"అక్కా..."

"నోరుమూసుకుని విను. నా తిండి ఈ కళ్ళలోంచి వస్తుంది. ఆ మాట ఒక్క కొట్టాయన చెవిన పడి, ఆయన ఇంకో నలుగురికి చెబితే నాకు పొట్లం పంపేవాడెవడు? నీకేం, నెల తిరిగేసరికి పెన్షన్ వస్తుంది. ఒకసారైనా ఆలోచించావా?"

ఆలోచించలేదు. నిజంగానే ఆలోచించలేదు. నా అబద్ధం ఒక గొప్ప హారం నుంచి అక్కని దూరం పెడుతుందని అనుకున్నానే కానీ, రోజువారీ కూటికి అడ్డం పడుతుందని తట్టనేలేదు. ముందు సీట్లో గడ్డిమోపు పెట్టుకున్న ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగాడు.

"ఈర్ష్య అక్కా," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. "చిన్నప్పటి నుంచీ."

"నాకు తెలీదా?"

"ఎప్పటి నుంచి తెలుసు?"

అక్క నీళ్ళ వైపు చూసింది. దూరంగా గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. "అమ్మ నీ దారం కత్తిరించినప్పుడల్లా నీ మొహం చూసేదాన్ని," అంది. "నువ్వు ఏడుపు ఆపుకుంటుంటే నాకు బాగుండేది. అమ్మ ఇంకోటి కూడా కత్తిరిస్తే బాగుండునని అనుకునేదాన్ని. నీకు బడిలో అన్నీ వచ్చేవి. నాకు అదొక్కటే."

నాకు కోపం వచ్చింది, దాని పక్కనే విచిత్రంగా కొంచెం ఊపిరి కూడా ఆడింది.

కైకలూరులో దిగాక అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆ ఎదురుగా ఉన్నది ఏలూరు బస్సే, ఎక్కెయ్. నేను గుచ్చే రోజుల్లో అక్కడికి రాకు," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం వెళ్ళలేదు. మంగళవారం వెళ్ళలేదు. బుధవారం టికెట్ కొనుక్కుని అందరిలాగే లోపలికి వెళ్ళాను.

ఆ గదిలో ఒక బల్ల, బల్ల మీద దీపం, దీపం కింద అక్క. కాలేజీ అమ్మాయిలు అర్ధచంద్రంగా నిలబడి సెల్‌ఫోన్లలో తీస్తున్నారు. నేను వాళ్ళ వెనక, గోడ వారన నిలబడ్డాను. అప్పటికి సగం గుత్తులు పూర్తయ్యాయి. అక్క ముత్యాన్ని మునివేళ్ళతో తిప్పి, రంధ్రం చూసుకుని, సూదికి అందించి, ఎనిమిదో తొమ్మిదో కాగానే దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి లాగింది. ఆ చుట్టు దగ్గరే ఉంది కిటుకంతా. అమ్మ కూడా అలాగే చుట్టేది. ఇన్నేళ్ళూ నేను ముడి వైపు చూశాను కానీ, ఆ చిటికెన వేలి వైపు చూడలేదు. ఇప్పుడు చూసినా నా వేలు ఆ పని చెయ్యదు. గుత్తి ఒక్కసారి అలా విచ్చుకుని నిలబడింది. ఒక అమ్మాయి "వావ్" అంది.

అక్క తలెత్తలేదు. "ఆ పక్కకి జరుగు. వెలుతురు పడట్లేదు," అంది.

ఎవరితో అంటోందో అని అమ్మాయిలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అది నాతోనే. నేను జరిగాను. వెళ్ళిపొమ్మనలేదు కాబట్టి సాయంత్రం మూసేదాకా నిలబడ్డాను. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ తర్వాత రోజు గార్డు నాకు తన స్టూలు ఇచ్చాడు.

పని పూర్తవుతుండగా అధికారి అమ్మాయి కార్డు మార్చాలంది. గుచ్చిన విధానం గురించి నాలుగు మాటలు రాసివ్వాలట. "మా చెల్లెలు రాస్తుందండి, దాని పనే అది," అని అక్క నా వైపు చెయ్యి చూపింది. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఫోన్‌లో విన్న గొంతు నాదేనని ఎప్పుడో అర్థమై ఉంటుంది. "థాంక్యూ మేడమ్," అని మాత్రం అంది.

నాలుగు మాటలు రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదట రాసినదాంట్లో "అక్కచెల్లెళ్ళిద్దరూ తల్లి దగ్గర ఈ పని నేర్చుకున్నారు" అన్న వాక్యం ఉంది. అందులో అబద్ధం ఏముంది? అదే నాకు నేను చెప్పుకుని ఫోన్‌లో అక్కకి చదివి వినిపించాను.

"నేర్చుకున్నారని ఎందుకే?" అంది అక్క. "ఇద్దరూ కూర్చున్నారని రాయి."

ఫోన్ పెట్టేసి ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేస్తుంటే కోపంతో కాగితం చిరిగింది. ఇంకో కాగితం తీసుకుని, అక్క పేరు ఇంటిపేరుతో సహా రాసి, ఊరు రాసి, ముడి గురించీ చిటికెన వేలి గురించీ రాశాను. నేను రాసిన వాటిలో దానికన్నా శుభ్రమైన వచనం లేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆఖరి రోజుల్లో జనం గుంపులుగా వచ్చారు. హారం చూశారు, అక్క పేరు చదివారు, కొందరు ఫొటో తీసుకున్నారు. కింద వచనం ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

వర్షాలు మొదలయ్యాక హైదరాబాదు నుంచి అక్కకి పిలుపు వచ్చింది. అక్కడ ఇంకో రెండు హారాలు ఉన్నాయట. తోడు రమ్మని అక్క నన్నే అడిగింది. "అక్కడ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయే," అంది. మోకాళ్ళ నొప్పని చెప్పాను. నొప్పి ఉన్నమాట నిజమే, వెళ్ళలేనంత కాదు. వారం పాటు గోడ వారన నిలబడి ఆ మెచ్చుకోళ్ళు మళ్ళీ వినడం నా వల్ల కాదు. "సరేలే, మా కోడల్ని తీసుకెళ్తాను," అంది అక్క. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు.

నాలుగో రోజు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పెద్ద హాలు, తెల్లటి దీపం, అక్క తలవంచి గుచ్చుతోంది. పక్కన కోడలు కూర్చుని, నల్లగుడ్డ మీద ముత్యాలు ఏరి సైజుల వారీగా కుప్పలు పెడుతోంది. నేను కళ్ళజోడు పెట్టుకుని, ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. మూడో కుప్పలో రెండు కోల గింజలు కలిసిపోయాయి. ఆ పిల్ల చూసుకోలేదు.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఎత్తగానే, "ఆ పిల్లకి ఏరడం రావట్లేదు," అన్నాను.

"తెలుసు," అంది అక్క. "శనివారం దాకా ఇక్కడే ఉంటాం. రైళ్ళు చాలా ఉన్నాయి."

ఆ రాత్రి సంచి సర్దుకున్నాను. మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా కూడా పెట్టుకున్నాను.